సింగ్ హోంగ్: కాంటనీస్‌లో ‘మీరేం చేస్తుంటారండీ’ అని అడగడం

(హాంకాంగ్‌లో కొత్తగా స్థిరపడిన తెలుగు కుటుంబాల ఆదివారపు కూడికలో చేసిన ప్రసంగానికి పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాలకు ముందు మైకు చేతికిచ్చారంటే తొందరగా ముగించమని అర్థం. పులిహోర వాసన నాకూ వస్తోంది, ఎక్కువ సాగదీయను.

మీలో చాలామంది వచ్చి ఏడాదో రెండేళ్లో అయింది. ఆఫీసులో ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది. పిల్లల బడిలోనూ అంతే. కానీ ఈ ఊళ్లో నూటికి దాదాపు 88 మంది ఇంట్లో మాట్లాడేది కాంటనీస్. లిఫ్టులో పక్కన నిలబడే పెద్దావిడ, కూరగాయలమ్మే ఆమె, రాత్రిపూట కింద డెస్కు దగ్గర కూర్చునే పెద్దాయన, వీళ్లందరి లోకం ఆ భాషలోనే ఉంది. మనం తలూపి నవ్వి వెళ్లిపోతాం. పదేళ్లు అలా నవ్వుతూనే గడిపిన వాళ్లు కూడా నాకు తెలుసు.

నేను ఈవాళ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడతాను. ఎదుటి మనిషిని ‘మీరేం పని చేస్తుంటారు’ అని మర్యాదగా అడగడం. ఒక్క ప్రశ్నకి ఇంత ప్రసంగమా అనుకోకండి, దాన్ని తప్పుగా అడిగి నేను పడ్డ తిప్పలు చెబితే మీకే తెలుస్తుంది.

నేనొచ్చిన మొదటి సంవత్సరం. సాయంత్రం క్లాసులో మూడు మాటలు నేర్చుకున్నాను. ‘నేయ్’ అంటే నువ్వు. ‘చోవ్’ అంటే చేయడం. ‘మత్’ అంటే ఏమిటి. మనకు లెక్కలొచ్చు కదా, మూడూ కలిపేశాను. ఆ రాత్రి మా బిల్డింగ్ కాపలా పెద్దాయన పేపరు చదువుకుంటున్నాడు. నేను చిరునవ్వుతో దగ్గరికి వెళ్లి ‘నేయ్ చోవ్ మత్ ఆ?’ అన్నాను. ఆయన పేపరు మడిచాడు. లేచి నిలబడ్డాడు. ఏదో గబగబా అన్నాడు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండు చేతులూ చూపిస్తున్నాడు, నేనేం చేయలేదు బాబూ అన్నట్టు.

మర్నాడు టీచరమ్మకి చెబితే పడి పడి నవ్వింది. నేనడిగిన దానికి అర్థం ‘ఏం చేస్తున్నావ్ ఇక్కడ? ఏంటి నీ సంగతి?’ అని. గొడవకి దిగేవాడు కాలర్ పట్టుకోబోయే ముందు అనే మాట. మధ్యలో ఒక చిన్న ముక్క తప్పిపోయింది. ‘కుంగ్’ అంటే పని, కొలువు. ‘నేయ్ చోవ్ మత్ యె కుంగ్ ఆ?’ అంటే ‘నువ్వేం ఉద్యోగం చేస్తావు’ అని అయ్యేది. అదీ గొప్ప మర్యాద కాదు, కానీ ఆయన లేచి నిలబడేవాడు కాదు.

మన భాషలోనూ ఇదే ఉంది కదండీ. ‘ఏం చేస్తున్నావ్?’ అంటే ఒకటి, ‘ఏం చేస్తుంటారు?’ అంటే ఇంకొకటి. ఆ మధ్యలో ఇరికిన ‘ఉంటారు’ అన్న ముక్కే ప్రశ్నని పోలీసు స్టేషన్ నుంచి పెళ్లిచూపుల్లోకి తెచ్చేస్తుంది. (నవ్వులు) మనం పుట్టినప్పటి నుంచి వింటున్నాం కాబట్టి తేడా కనబడదు. కొత్తగా తెలుగు నేర్చుకునే వాడిని అడగండి, వాడికి అక్కడే చెమటలు పడతాయి.

అసలు ప్రశ్నలోకి వెళ్లే ముందు ఉచ్చారణ గురించి కొంచెం. ఇక్కడ మనకో అదృష్టం ఉంది, దాన్ని మనం వాడుకోవడం లేదు. రోమన్ అక్షరాల్లో కాంటనీస్ రాసే పద్ధతుల్లో ఇప్పుడు ఎక్కువగా వాడేది ‘యూత్‌పింగ్’. ఇక్కడి భాషావేత్తల సంఘం 1993లో తయారు చేసింది. అందులో బి, డి, జి అని కనబడగానే మనం బ, డ, గ అనేస్తాం. కానీ అవి నిజానికి మన ప, త, క లు. పి, టి, కె అని రాసినవి మన ఫ, థ, ఖ లు. గాలి వదలడం, వదలకపోవడం, అంతే తేడా. ఒత్తు అక్షరాలు దిద్దిన మనకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంగ్లీషు వాళ్లు దీనికోసం నెలలు కష్టపడతారు.

ఇంకో మాట. ‘చోవ్’ లోని చ మన ‘చిలక’లో చ కాదు, ‘చాలు’లో చ. పాత పుస్తకాల్లో పైన రెండంకె పెట్టి రాసేవారు, దంత్య చకారం. మరొకటి, చిన్నప్పుడు పలక మీద క ఖ గ ఘ అన్న తర్వాత ఒక అక్షరం దిద్దామే, ఙ, ఆ తర్వాత జన్మలో దానితో ఒక్క మాట మొదలుపెట్టింది లేదు. ఇక్కడ ‘నేను’ అనే మాటే దానితో మొదలవుతుంది. ‘ఙో’. మా అమ్మాయి బడిలో ఆ శబ్దం ఠక్కున పలికితే స్నేహితులు ఆశ్చర్యపోయారట. కుర్రకారు మాత్రం ఈ మధ్య దాన్ని వదిలేసి ఉత్త ‘ఓ’ అనేస్తున్నారు. ‘నేయ్’ని ‘లేయ్’ అంటారు. పెద్దవాళ్లు దానికి ‘బద్ధకపు పలుకు’ అని పేరు పెట్టి తిడతారు. మీరు ఎలా అన్నా అర్థమవుతుంది.

కష్టమంతా స్వరాల్లో. ఆరు స్వరాలు. మనం ప్రశ్న అడిగేటప్పుడు చివర గొంతు పైకి లేపుతాం, అది మన రక్తంలో ఉంది. ఇక్కడ గొంతు లేపితే మాటే మారిపోతుంది. ‘క్వాయ్’ అని మధ్యస్థాయిలో నిలకడగా అంటే ఖరీదైన, గొప్ప అని అర్థం. అదే కింద నుంచి పైకి లాగితే దయ్యం. ఒకరి ఇంటిపేరు అడగాలంటే ‘క్వాయ్ సింగ్ ఆ?’, అంటే ‘తమరి ఘనమైన ఇంటిపేరు?’ అనాలి. మీరు ప్రశ్న కదా అని గొంతు లేపితే ఇంటిపేరు దయ్యాలపాలవుతుంది. (నవ్వులు) విదేశీయుణ్ణి చూసి ‘క్వాయ్ లోవ్’ అంటారే, ఆ క్వాయ్ అదే.

ప్రశ్న అని తెలియడానికి, తెలిసినా కరుకుగా వినబడకుండా ఉండడానికి వాళ్లు చివర ఒక ‘ఆ’ తగిలిస్తారు. మన ‘వస్తావా’లో ఆ లాగా వినిపిస్తుంది కానీ పని వేరు. మన ఆ ప్రశ్న పుట్టిస్తుంది, వాళ్ల ఆ ప్రశ్నకి నూనె రాస్తుంది. అది తీసేసి అడిగినా ప్రశ్నే, కాకపోతే పోలీసు ప్రశ్న. మన ‘అండీ’కి దగ్గర అనుకోండి. ‘ఏం చేస్తుంటారు’, ‘ఏం చేస్తుంటారండీ’, ఆ తేడా.

ఇప్పుడు అసలు మాట. ‘హోంగ్’.

మామూలుగా ఇక్కడి వాళ్లు ఉద్యోగం అడగడానికి ‘నేయ్ చోవ్ పిన్ హోంగ్ కా?’ అంటారు. ‘పిన్’ అంటే ఏది. ‘హోంగ్’ అంటే వరస, బారు. మీరు ఏ వరసలో ఉన్నారు అని అడుగుతున్నారన్నమాట. ఒకప్పుడు ఒక్కో వీధిలో ఒక్కో సరుకు అమ్మే దుకాణాలు బారుగా ఉండేవి, అందుకే వరసకీ వృత్తికీ ఒకటే మాట. ఇప్పటికీ మీరు మోంకాక్ వైపు వెళితే పూలన్నీ ఒక వీధిలో, అలంకారపు చేపలన్నీ ఇంకో వీధిలో ఉంటాయి. యావ్‌మాతేయ్ దగ్గర షాంఘై స్ట్రీట్‌లో కత్తులు, మూకుళ్లు, ఆవిరి బుట్టలు. చార్మినార్ పక్కన లాడ్ బజార్ చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ హోంగ్ మీకు తెలియకుండానే తెలుసు. బ్యాంకుని ‘ఙన్ హోంగ్’ అంటారు. ఙన్ అంటే వెండి. వెండి కొట్టు. ఇక్కడ బ్యాంకుల్లో పనిచేసే వాళ్లు చాలామంది కూర్చున్నారు, మీరంతా వెండి కొట్టు గుమస్తాలు. (నవ్వులు) కాంటన్ రేవులో, అంటే ఇప్పటి క్వాంగ్‌చౌలో, విదేశీ వ్యాపారానికి అనుమతి ఉన్న వర్తక సంస్థల్ని ‘పదమూడు హోంగ్‌లు’ అనేవారు. 1757 నుంచి 1842 దాకా పడమటి దేశాల ఓడలకి చైనాలో ఆ ఒక్క రేవులోనే వ్యాపారం. బొంబాయి పార్సీలు సరుకుతో వచ్చి దిగిందీ అక్కడికే. ఆ మాటని ఇంగ్లీషు వాళ్లు కూడా పట్టుకుపోయారు. ఇక్కడి పెద్ద వ్యాపార సంస్థల్ని ఇంగ్లీషులో ఇప్పటికీ హాంగ్ అనే అంటారు.

‘పిన్ హోంగ్’ మామూలు ప్రశ్న. తోటి ఉద్యోగులు, సమ వయసు వాళ్లు, టాక్సీ డ్రైవర్లు అడిగేది. అందులో తప్పేం లేదు. కానీ పెద్దవాళ్లని, కొత్తవాళ్లని, భోజనానికి పిలిచిన చోట పక్కన కూర్చున్న పెద్దమనిషిని అడిగేటప్పుడు ఇంకో మాట ఉంది. ‘నేయ్ చోవ్ సింగ్ హోంగ్ ఆ?’ ఇక్కడ ‘ఏది’ అన్న మాటే లేదు, గమనించారా? ‘సింగ్’ అంటే వర్ధిల్లుతున్న, కళకళలాడుతున్న అని. ఇంటిపేరు ‘సింగ్’ వేరే మాట, దాని స్వరం వేరు. తెలుగులో దాని అర్థం చెబితే ‘తమరు వర్ధిల్లుతున్న ఏ వృత్తిలో ఉన్నారు?’ అవుతుంది. అలా తెలుగులో ఎవరూ అడగరు, అడిగితే నాటకంలో రాజుగారు వచ్చారనుకుంటారు. ఇక్కడ మాత్రం అరవై దాటిన వాళ్ల నోట ఇది సహజంగా వస్తుంది. ముప్పైల్లో ఉన్న వాళ్లు వాడితే కొంచెం పాతకాలపు వాసన. మనలాంటి బయటివాళ్లు వాడితే? ముఖాలు వికసిస్తాయి. నేను పరీక్షించి చూశాను.

ఈ మాటలో నాకు నచ్చింది ఏమిటంటే, అడిగేవాడు ముందుగానే ఎదుటివాడి పనిని మెట్టు పైన కూర్చోబెడతాడు. ఏం పనో ఇంకా తెలియదు. అది వర్ధిల్లుతున్న పనే అని ముందే ఒప్పేసుకున్నాడు. ఇక జవాబు చెప్పేవాడు తనకి నచ్చినంత కిందికి దిగొచ్చు. దిగడానికి చోటు ఉంటుంది. మన చుట్టాల పెళ్లిళ్లలో అడిగే పద్ధతి గుర్తు తెచ్చుకోండి. ‘ఇంతకీ ఏం చేస్తున్నావ్ నాయనా?’ ఆ ‘ఇంతకీ’ ఉందే, అందులోనే నువ్వు ఏమీ చేయడం లేదని తీర్పు వచ్చేసింది. గ్రూప్స్‌కి చదువుతూ నాలుగేళ్లు ఇంట్లో ఉన్న కుర్రాడు పెళ్లి భోజనం ఎందుకు మానేస్తాడో ఆ ఒక్క మాట చెబుతుంది.

ఇలాగే ఇంకొకటి ఉంది, కొంచెం సరదాగా అడిగేది. ‘హాయ్ పిన్ తోవ్ ఫాత్ ఛోయ్ ఆ?’ ఈ ‘ఫాత్ ఛోయ్’ మీరంతా విన్నదే. చాంద్రమాన కొత్త సంవత్సరానికి ‘కుంగ్ హేయ్ ఫాత్ ఛోయ్’ అంటూ ఎర్ర కవర్లు పంచుకుంటాం కదా. సంపద పొందు అని దీవెన. ఆ దీవెననే ప్రశ్నలో పెట్టి ‘ఎక్కడ సంపద గడిస్తున్నారు?’ అంటారు, అంటే ఎక్కడ పనిచేస్తున్నారని. చాలాకాలం తర్వాత కలిసిన స్నేహితుణ్ణి ‘ఇప్పుడెక్కడ ఫాత్ ఛోయ్?’ అంటే చక్కగా ఉంటుంది. కానీ ఉద్యోగం పోయిందని తెలిసిన మనిషి దగ్గర వాడితే వెక్కిరింపు. దీవెనకి ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

మరి జవాబు ఎలా చెప్పాలి? మీ గురించి మీరు ‘సింగ్ హోంగ్’ అని చచ్చినా అనకూడదు. అది ఎదుటివాళ్లకి మాత్రమే. ఇంటిపేరు విషయంలోనూ అంతే, వాళ్లు ‘క్వాయ్ సింగ్’ అని అడిగితే మీరు ‘సింగ్ రావ్’ అనో ‘సింగ్ రెడ్డి’ అనో చెప్పాలి, ఘనమైన అన్న మాట తీసేసి. నేను మొదట్లో ఉత్సాహంగా ‘ఙో క్వాయ్ సింగ్...’ అని మొదలుపెట్టి, ‘నా ఘనమైన ఇంటిపేరు’ అని చాటుకున్నాను. ఎవరూ దిద్దలేదు. మర్యాదస్తులు దిద్దరు, అదే చిక్కు.

పని చెప్పాలంటే సులువు. ‘ఙో చోవ్ ఐటీ కే.’ అయిపోయింది. ఐటీ ఇక్కడా ఐటీనే. కానీ ఇక్కడి వాళ్లు చెప్పే తీరు వినండి. పెద్ద కంపెనీలో మేనేజరు కూడా ‘తా ఫన్ కుంగ్ చే’ అంటాడు. ‘ఏదో ఓ జీతం కొలువు, అంతే’ అని. చివర ఆ ‘చే’ మన ‘ఏదో... అంతేలెండి’. సొంత వ్యాపారం ఉన్నవాడు ‘సియూ సాంగ్ యీ’, చిన్న వ్యాపారం అంటాడు. మూడు షాపులుండొచ్చు. ఇంకొందరు ‘వన్ లోయెంగ్ ఛాన్’ అంటారు, ‘రెండు పూటల తిండి వెతుక్కుంటున్నాను’ అని. బతుకుతెరువుకి వాళ్ల మాట ‘వన్ సిక్’, తిండి వెతుక్కోవడం. మనం పొట్టకూడు అంటామే, అచ్చం అదే. జీతం పడడాన్ని ‘ఛోత్ లోయెంగ్’ అంటారు. లోయెంగ్ అంటే ధాన్యం. బ్యాంకు ఖాతాలో అంకె మారుతుంది, నోటి మాట మాత్రం గింజలు కొలిచారనే. మా తాతగారి ఊళ్లో పాలేళ్లకి ఏడాదికింత అని గింజలు కొలిచిన రోజులు నాకు గుర్తున్నాయి. ఇక్కడ పదమూడో నెల జీతం ఇచ్చే చోట దాన్ని ‘సోయెంగ్ లోయెంగ్’, జంట ధాన్యం అంటారు. మీ ఆఫర్ లెటర్‌లో ఉందో లేదో చూసుకోండి. (నవ్వులు)

ఉద్యోగం పోతే? ‘ఛావ్ యావ్ యూ’. స్క్విడ్ వేయించడం. ఆ సముద్రపు జీవి ముక్కని వేడి మూకుట్లో వేస్తే చుట్ట చుట్టుకుంటుంది. పూర్వం పనివాడు కొట్లోనే పరుపు పరుచుకుని పడుకునేవాడు. తీసేస్తే పరుపు చుట్టుకుని వెళ్లిపోవాలి. ఆ చుట్ట, ఈ చుట్ట. మన ‘మూటాముల్లె సర్దుకో’కి బంధువు.

అందుకే అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. ఉద్యోగం లేని మనిషి ‘థావ్ కన్’ అంటాడు. ‘విశ్రాంతి తీసుకుంటున్నా’ అని. ఆ మాట వినగానే ఆపేయండి. ‘ఎన్నాళ్ల నుంచి?’, ‘ఎందుకు మానేశారు?’ మన నోటికి ఇవి తన్నుకొస్తాయి, నాకు తెలుసు. ఆపుకోండి. రిటైరైన వాళ్లయితే ‘థోయ్ యావ్’ అని హాయిగా చెబుతారు, వాళ్లతో ఎంతసేపైనా మాట్లాడొచ్చు.

అసలు ఎప్పుడు అడగాలి అన్నది కూడా ఉంది. ముందు ఇంటిపేరు. ఇంటిపేరు తెలిస్తే ‘ఛన్ సిన్ సాంగ్’, అంటే ఛన్ గారు అని పిలవొచ్చు. ఆ తర్వాతే పని. ఆఫీసు మనుషులైతే విజిటింగ్ కార్డు ఇచ్చేస్తారు, రెండు చేతులతో. మీరూ రెండు చేతులతో తీసుకుని, చదివి, బల్ల మీద పెట్టాలి. చదవకుండా వెనక జేబులో కుక్కేస్తే మీరు సింగ్ హోంగ్ అన్నా ఉపయోగం లేదు. కార్డు ఉన్నచోట ప్రశ్న అడగాల్సిన అవసరమే రాదు, కార్డు లేనివాళ్ల దగ్గరే ఈ ప్రశ్న అసలు పరీక్ష.

పని తెలిశాక ఎలా పిలవాలన్నది ఇంకో సంగతి, ఇది మనకి బాగా అర్థమవుతుంది. ‘లోవ్’ అని ఒక తోక ఉంది, మన ‘వాడు’ లాంటిది. టాక్సీ నడిపే మనిషి ‘తిక్ సీ లోవ్’, అంటే టాక్సీవాడు. వెనకాల అందరూ అనేస్తారు. ఎదురుగా మాత్రం ‘సీ ఫూ’, అంటే మేస్త్రీ, గురువు. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వంటమనిషి, లారీ డ్రైవర్, చేతిలో పని ఉన్న ప్రతివాడూ సీ ఫూయే. మనం ‘ఆటోవాడు’ అనే నోటితోనే ‘మేస్త్రీగారూ’ అంటాం కదా, అదే లెక్క. తాపీ, వడ్రంగం, రంగులు, ఈ మూడింటినీ కలిపి ‘సామ్ హోంగ్’, మూడు వృత్తులు అంటారు. వాళ్లకో దేవుడున్నాడు, లోవ్ పాన్. మన విశ్వకర్మ లాగా. కెన్నెడీ టౌన్ పైన మెట్లెక్కితే ఆయన గుడి కనబడుతుంది. పోలీసులకి క్వాన్ కుంగ్ దేవుడు, స్టేషన్లలో ఆయన పటం ఉంటుంది. తమాషా ఏమిటంటే పోలీసులు పట్టుకునే ముఠాల వాళ్లకీ ఆయనే దేవుడు. (నవ్వులు)

నర్సులని ‘కూ నోయెంగ్’, అంటే అమ్మాయిగారు అన్నట్టు పిలుస్తారు. ఆస్పత్రిలో ఇది తెలిసి ఉంటే చాలా పనులు సాఫీగా అవుతాయి. ఇళ్లలో పనిచేసే ఫిలిప్పీన్స్, ఇండోనేషియా అమ్మాయిలని పిల్లలు ‘చే చే’, అక్క అంటారు. ఆ పిలుపులో ఎంత గౌరవం ఉందో, ఎంత లేదో ఇంటింటికీ మారుతుంది. అక్కా అని పిలిచి వంటింటి పక్కన అలమారంత గదిలో పడుకోబెట్టే ఇళ్లు కూడా చూశాను. కాబట్టి మాట మర్యాదగా ఉంటే ఊరంతా మర్యాదగా ఉందని నేను చెప్పడం లేదు. ఇక్కడా పని అడిగి, తర్వాత ఏ పేటలో ఉంటారో అడిగి, మనిషికి వెల కట్టేస్తారు. కాకపోతే మన దగ్గర వృత్తి అడగడం వెనక చాలాసార్లు ఇంకో ప్రశ్న దాగుంటుంది. ‘మీరేవిట్లు?’ అని అడగలేక పని అడుగుతాం, నాన్నగారి పని అడుగుతాం, ఊరడిగి వీధడుగుతాం. హోంగ్ ప్రశ్నలో ఆ రెండో గది లేదు. నాకు అది పెద్ద ఊరట.

మనవాళ్లకీ ఇక్కడ పనిని బట్టి పడ్డ పేర్లున్నాయి. షెంగ్‌వాన్‌లో పాత సామాన్లు అమ్మే వీధి ఒకటుంది, ఇంగ్లీషులో అప్పర్ లాస్కర్ రో. లాస్కర్ అంటే ఓడల మీద పనిచేసిన భారతీయ నావికుడు. కాంటనీస్‌లో అదే వీధిని ‘మో లో’ వాళ్ల వీధి అంటారు, మన వైపు మనుషులకి అప్పట్లో పెట్టిన పేరు. ఒక భాష పనిని పట్టుకుంది, ఇంకో భాష మనిషిని పట్టుకుంది. ‘ఆ ఛా’ అని ఇంకో మాట వింటారు, అది గౌరవం కాదు. మనవాళ్లు మాటమాటకీ ‘అచ్ఛా’ అనడం నుంచి వచ్చిందని కొందరు, బ్రిటిష్ వాళ్లు పంజాబు నుంచి తెచ్చిన సిక్కు పోలీసుల నుంచి వచ్చిందని కొందరు చెబుతారు. పోలీసు అనే మాటలోనూ అదే అక్షరం రాస్తారు, పలకడం వేరు. ఎవరైనా ఆ మాట అంటే గొడవ పడకండి. ‘క్వాయ్ సింగ్ ఆ?’ అని అడగండి. వాళ్లకే సిగ్గేస్తుంది.

ఎవరో చెయ్యెత్తారు. అడగండమ్మా.

(ఒక శ్రోత: పిల్లలకి ఇది నేర్పాలా, వాళ్ల బడిలో మాండరిన్ కదా?)

మాండరిన్ నేర్చుకోనివ్వండి. కానీ కింద ఆడుకునే పిల్లల భాష కాంటనీస్. ఇంకోటి, వాళ్లు రేపు మలేషియాలో కౌలాలంపూరో ఈపోవో వెళ్లినా ఈ భాష పలుకుతుంది. ఈపో ఉన్న పెరాక్ రాష్ట్రంలో మన తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు. పిల్లలకి ఒక సామెత కూడా నేర్పండి. ‘హోంగ్ హోంగ్ ఛోత్ చోంగ్ యూన్.’ ప్రతి వృత్తిలోనూ ఒక చోంగ్ యూన్ పుడతాడు. చోంగ్ యూన్ అంటే చక్రవర్తి పెట్టే పరీక్షలో దేశానికే మొదటివాడు. ఆ పరీక్షలు 1905లో ఎత్తేశారు, మాట పోలేదు. ఇప్పుడు ఇంటర్ లాంటి పరీక్షలో అన్నింటిలో మొదటి గ్రేడు తెచ్చుకున్న పిల్లల్ని పేపర్లు ఆ పేరుతోనే ఫొటోలు వేస్తాయి. మన ఎంసెట్ ర్యాంకర్ల ఫొటోలు గుర్తొస్తాయి. ర్యాంకు రాని పిల్లాడి దగ్గర తల్లులు ఈ సామెత చెబుతారు. మనకీ పనికొస్తుంది.

సరే, ఆ కాపలా పెద్దాయన సంగతి చెప్పి ముగిస్తాను.

నేను రెండు వారాలు సాధన చేశాను. ‘సింగ్’ కింది స్థాయిలో నిలకడగా, ‘హోంగ్’ ఇంకా కిందికి దిగుతూ. స్నానాల గదిలో పాడుకుంటుంటే మా ఆవిడ ఎవరితో మాట్లాడుతున్నారని అడిగింది. ఒక రాత్రి కిందికి దిగి, రెండు కప్పుల పాల టీ పట్టుకుని, ముందు ఇంటిపేరు అడిగాను. చెప్పాడు. తర్వాత ‘నేయ్ చోవ్ సింగ్ హోంగ్ ఆ?’ అన్నాను. ఆయన డెస్కు మీద కొట్టి మరీ నవ్వాడు. తన యూనిఫామ్ లాగి చూపించాడు, ఇందులో వర్ధిల్లేది ఏముందయ్యా అన్నట్టు. నాకు సిగ్గేసింది, మళ్లీ తప్పుగా అడిగానా అని. నిజమే, కాపలా డెస్కు వెనక కూర్చున్నవాణ్ణి నీ పనేమిటి అని అడిగేవాడు ఎవడైనా ఉంటాడా?

కానీ ఆయన టీ తాగి, కాస్త ఆగి, నిజంగానే జవాబు చెప్పాడు. అప్పటికి నాకొచ్చిన భాషతో సగమే అర్థమైంది, మిగతాది చేతులతో చూపించాడు. ఛున్‌వాన్‌లో నూలు మిల్లు. పద్నాలుగేళ్లప్పుడు చేరాడు. 1980ల మొదట్లో ఈ ఊళ్లో ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు దాదాపు 9 లక్షల మంది. తర్వాత మిల్లులు ఒక్కొక్కటే సరిహద్దు దాటి చైనాలోకి వెళ్లిపోయాయి, అక్కడ కూలి చౌక. మనుషులు ఇక్కడే మిగిలారు. ఈ డెస్కుల వెనక కూర్చున్న ఆ వయసు వాళ్లలో చాలామంది కథ అదే. తెగిన పోగుని వేళ్లతో ఎలా మెలిపెట్టి అతికేవాడో గాల్లో చేసి చూపించాడు. వేళ్లు చకచకా కదిలాయి, మనిషికి డెబ్బై ఏళ్లు. ‘అప్పుడు అది సింగ్ హోంగే’ అన్నాడు.

తర్వాత నన్నడిగాడు, మరి నువ్వు? నేను గొంతు సవరించుకుని ‘తా ఫన్ కుంగ్ చే’ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, ‘ఫన్’ ఇంకా కిందికి దించాలని చెప్పి, నా చేత మూడుసార్లు అనిపించాడు.